స్ప్లిట్ లెవెల్ ఇల్లు కొనొచ్చా? న్యూజెర్సీలో ఇల్లు వెతుకుతున్న తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడిసన్, పిస్కాటవే, ఈస్ట్ బ్రన్స్‌విక్, పర్సిపెనీ వైపు మంచి స్కూళ్లున్న చోట, చేతిలో ఉన్న డబ్బుకి ఇల్లు వెతకడం మొదలుపెడితే నాలుగైదు ఇళ్లు చూసేలోపే ఒక స్ప్లిట్ లెవెల్ ఎదురవుతుంది. లోపలికి అడుగు పెట్టగానే పైకి ఏడు మెట్లు, కిందికి ఏడు మెట్లు. భర్తకు నచ్చుతుంది, భార్యకు నచ్చదు, లేదా అటుదిటు. అక్కడి నుంచి టెన్షన్ మొదలు.

మా కుటుంబం చాలా ఏళ్లుగా ఇలాంటి ఇంట్లోనే ఉంటోంది. కొత్తగా కొనేవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇళ్లకు చెడ్డపేరు వచ్చింది మెట్ల వల్ల. కానీ ఇల్లు మంచిదా కాదా అని తేలేది కింది లెవెల్‌లో. అది పొడిగా, వెచ్చగా, వెలుతురుగా ఉంటే మెట్లు అలవాటైపోతాయి. అది బాగోకపోతే పైన ఎంత అందంగా ఉన్నా మీరు డబ్బు పెట్టి కొన్న ఇంట్లో మూడో వంతు వాడకుండా వదిలేస్తారు.

స్ప్లిట్ లెవెల్ అంటే ఏమిటి? మన డూప్లెక్స్ లాంటిదేనా?

కాదు. డూప్లెక్స్‌లో ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు ఉంటుంది, మధ్యలో పధ్నాలుగు పదిహేను మెట్లు. స్ప్లిట్ లెవెల్‌లో ఇల్లు పక్కపక్కనే రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్కలో హాలు, డైనింగ్, వంటిల్లు నేలకు దగ్గరగా ఒకే మట్టంలో ఉంటాయి. రెండో ముక్కలో కింద గ్యారేజీ, ఫ్యామిలీ రూమ్, వాటి పైన బెడ్‌రూమ్‌లు. ఈ రెండో ముక్కలోని అంతస్తులు మొదటి ముక్క కంటే ఒకటి అర అంతస్తు పైకి, ఇంకోటి అర అంతస్తు కిందికి వస్తాయి. అందుకే ఎటు వెళ్లినా ఆరేడు మెట్లే. కొన్ని ఇళ్లలో హాలు కింద బేస్‌మెంట్ కూడా ఉంటుంది. అప్పుడు మొత్తం నాలుగు మట్టాలు.

లిస్టింగ్‌లో బై-లెవెల్ అని రాశారు. రెండూ ఒకటేనా?

ఒకటి కాదు, ఈ తేడా తప్పకుండా తెలుసుకోవాలి. బై-లెవెల్‌లో వీధి తలుపు తీస్తే చిన్న ల్యాండింగ్ మీద నిలబడతారు. అక్కడ గది ఏమీ ఉండదు. పైకి వెళ్తే హాలు, వంటిల్లు, బెడ్‌రూమ్‌లు అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. కిందికి వెళ్తే ఫ్యామిలీ రూమ్, లాండ్రీ, గ్యారేజీ.

రోజువారీ బతుకులో ఇది పెద్ద తేడా. బై-లెవెల్‌లో సామాను పైకి చేర్చాక రోజంతా మెట్లు దిగకుండా ఉండొచ్చు, ఎందుకంటే వంటిల్లూ పడకగదీ ఒకే మట్టంలో ఉన్నాయి. స్ప్లిట్ లెవెల్‌లో వీధి తలుపు నుంచి వంటింట్లోకి నేరుగా వెళ్లొచ్చు గానీ, బెడ్‌రూమ్‌కి మాత్రం మెట్లెక్కాల్సిందే. ఒకటి బాగా నచ్చినవాళ్లకు రెండోది నచ్చకపోవడం చాలాసార్లు చూశాను. ల్యాండింగ్ ఇరుకుగా ఉన్న బై-లెవెల్‌లో నలుగురు చుట్టాలు ఒకేసారి వచ్చి చెప్పులు విప్పుకుంటుంటే వెనకవాళ్లు చలిలో నిలబడాల్సి వస్తుంది.

ఇక్కడ ఇవి ఇన్ని ఎందుకున్నాయి? కొత్తవి ఎందుకు కట్టడం లేదు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరాల నుంచి జనం శివార్లకు కదిలారు. న్యూజెర్సీ టర్న్‌పైక్ 1951లో తెరుచుకుంది. ఎడిసన్‌కు ఆ పేరు వచ్చింది 1954లో, అంతకుముందు అది రారిటన్ టౌన్‌షిప్. ఆ రోజుల్లో చిన్న స్థలంలో మూడు బెడ్‌రూమ్‌లూ గ్యారేజీ ఇరికించడానికీ, స్థలం కాస్త వాలుగా ఉన్నా మట్టి ఎక్కువ తవ్వకుండా కట్టడానికీ ఈ పద్ధతి కలిసొచ్చింది. 1950ల నుంచి 1970ల దాకా కుప్పలుగా కట్టారు. తర్వాత జనానికి ఎత్తైన పైకప్పులు, తెరిచి ఉండే వంటిల్లు, పెద్ద మాస్టర్ బెడ్‌రూమ్ కావాల్సి వచ్చి, బిల్డర్లు రెండంతస్తుల కొలొనియల్ వైపు వెళ్లిపోయారు. కాబట్టి మీరు చూస్తున్న స్ప్లిట్ లెవెల్‌కి చాలావరకు యాభై, అరవై, డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఆ వయసు సంగతి కింద విడిగా చెబుతాను.

అదే వీధిలో కొలొనియల్ కంటే తక్కువకు వస్తోంది. ఏదైనా లోపం ఉందా?

లోపం ఉండక్కర్లేదు. ఎక్కువమందికి మొదటి చూపులో కొలొనియల్ నచ్చుతుంది, అందుకే దానికి పోటీ ఎక్కువ. స్కూల్ డిస్ట్రిక్ట్ మాత్రం ఇంటి ఆకారం చూడదు. పిల్లల చదువు కోసమే ఆ ఊరు వెళ్తున్న కుటుంబానికి స్ప్లిట్ లెవెల్ మంచి దారి అని నా గట్టి నమ్మకం. మేం కొన్నదీ అందుకే. ఆ మిగిలిన డబ్బులో కొంత కింది లెవెల్ మీద ఖర్చవుతుందని మాత్రం ముందే అనుకోవాలి.

లిస్టింగ్‌లో చెప్పిన చదరపు అడుగులకీ, బ్యాంకు అప్రైజల్‌లో (లోన్ ఇచ్చేముందు బ్యాంకు కట్టించే ఇంటి విలువలో) వచ్చినదానికీ పొంతన లేదు. మోసం జరిగిందా?

చాలాసార్లు మోసం కాదు, లెక్కలో తేడా. అమెరికాలో ఇంటి వైశాల్యం కొలవడానికి ఆన్సీ జెడ్765 అనే ప్రమాణం ఉంది. బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ తనకు వచ్చే లోన్లకు అప్రైజర్లు దీన్నే పాటించాలని 2022 ఏప్రిల్ 1 నుంచి పెట్టింది. ఈ ప్రమాణం ప్రకారం ఒక లెవెల్‌లో కొంత భాగం నేల మట్టానికి దిగువన ఉన్నా ఆ లెవెల్ మొత్తాన్ని భూమి కింది భాగంగానే లెక్కపెట్టాలి. అంటే ముందువైపు కిటికీలూ తలుపూ ఉండి, వెనకవైపు గోడ రెండడుగులు మట్టిలో ఉన్నా సరే, ఆ ఫ్యామిలీ రూమ్ ముఖ్య వైశాల్యంలోకి రాదు. దానికి విలువ ఇస్తారు గానీ విడిగా, సాధారణంగా తక్కువగా ఇస్తారు.

లిస్టింగ్‌లో మాత్రం పైదీ కిందిదీ కలిపి రాసేవాళ్లు ఉంటారు. ఆఫర్ రాసేముందు మీ రియల్టర్‌ని ఒక్క మాట సూటిగా అడగండి: "ఇందులో నేల మట్టానికి పైన ఎంత, కింద ఎంత?" పోల్చి చూసే ఇళ్లు కూడా స్ప్లిట్ లెవెల్‌లే కావాలి. కొలొనియల్ చదరపు అడుగు రేటు తీసుకొచ్చి దీనికి వేస్తే ఎక్కువ ఇచ్చేస్తారు. ఆ తర్వాత అప్రైజల్ తక్కువ వస్తే ఆ తేడా మీ జేబులోంచే పెట్టుకోవాలి.

కింది గదిలోకి నీళ్లు వస్తాయా?

రావచ్చు. నేను అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

కింది లెవెల్ చాలా ఇళ్లలో కొంతమేర భూమిలో ఉంటుంది. వాన నీళ్లు గోడ పక్కన ఆగితే సన్నటి పగుళ్లలోంచి లోపలికి చేరతాయి. పూర్తి బేస్‌మెంట్‌లో నీళ్లొస్తే తడిసేది పాత అట్టపెట్టెలు. ఇక్కడ తడిసేది సోఫా, కార్పెట్, టీవీ యూనిట్, ఒక్కోసారి అమ్మానాన్నల మంచం.

మేం చేరిన మొదటి ఏడాదే ఒక పెద్ద వానకు తెల్లవారేసరికి ఫ్యామిలీ రూమ్ కార్పెట్ మూల మెత్తగా తగిలింది. వెతికితే కారణం చాలా చిన్నది. పైకప్పు నీళ్లు దించే గొట్టం సరిగ్గా గోడ మొదట్లోనే వదిలేస్తోంది. దానికి ఆరడుగుల పొడవు గొట్టం తగిలించి, గోడ పక్కన మట్టి పోసి వాలు సరిచేశాం. ఆ మూల మళ్లీ తడవలేదు. అందరికీ ఇంత సులభంగా తీరకపోవచ్చు. కానీ వేల డాలర్లు పెట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించేముందు గట్టర్లు, గొట్టాలు, వాలు చూసుకోండి. గోడ నుంచి పదడుగుల దూరంలో నేల కనీసం ఆరంగుళాలు దిగాలని బిల్డింగ్ కోడ్ చెబుతుంది.

ఇల్లు చూసేటప్పుడు కింది గోడల అడుగున పెయింట్ ఉబ్బి ఉందా, కాంక్రీటు మీద తెల్లటి ఉప్పు పొడి ఉందా, కార్పెట్ మూలల్లో మేకులు తుప్పు పట్టాయా చూడండి. ఎయిర్ ఫ్రెషనర్ వాసన గుప్పుమంటే దాని కింద ఏ వాసన ఉందో ఆలోచించండి. సంప్ పంప్ (నేల కింద చేరిన నీళ్లను బయటికి తోడే మోటారు) ఉంటే మంచిదే, కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ కూడా ఉందా అని అడగండి. పెద్ద వానకూ కరెంటు పోవడానికీ స్నేహం ఎక్కువ.

2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను మిగులు వానలు న్యూజెర్సీని ముంచినప్పుడు మాన్‌విల్ లాంటి ఊళ్లలో వీధులకు వీధులే నీళ్లలో ఉన్నాయి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ ఇలాంటి వరదను కవర్ చేయదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి, ఫెడరల్ పథకంలో అది మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుపాను వార్త విన్నాక కొంటే ఉపయోగం లేదు. 2024 మార్చి నుంచి న్యూజెర్సీలో ఇల్లు అమ్మేవాళ్లు వరద చరిత్ర రాసి ఇవ్వాలనే చట్టం ఉంది. ఆ కాగితం అడిగి తీసుకుని చదవండి.

రేడాన్ టెస్ట్ అవసరమా?

అవసరం. రేడాన్ మట్టిలోంచి వచ్చే వాయువు, రంగూ వాసనా ఉండవు, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. హంటర్‌డన్, మోరిస్, సామర్సెట్ కౌంటీల వైపు ఎక్కువ. స్ప్లిట్ లెవెల్‌లో మనం గంటలు గంటలు కూర్చునే గదే మట్టికి ఆనుకుని ఉంటుంది కాబట్టి టెస్ట్ అక్కడే పెట్టించాలి. లీటరుకు 4 పికోక్యూరీలు, ఆపైన వస్తే సరిచేయించమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. గొట్టమూ ఫ్యానూ పెట్టి గాలిని కప్పు మీదికి వదిలేస్తారు, బాగా పనిచేస్తుంది. రేడాన్ ఎక్కువ వచ్చిందని ఇల్లు వదులుకోనక్కర్లేదు, ఆ ఖర్చు అమ్మేవాళ్లతో మాట్లాడుకోవచ్చు.

పైన ఉక్క, కింద చలి అంటారు. నిజమేనా?

నిజమే. వేడిగాలి పైకి పోతుంది, ఈ ఇంట్లో లెవెల్స్ మధ్య దాన్ని ఆపే తలుపు ఎక్కడా లేదు. థర్మోస్టాట్ సాధారణంగా ఒక్కటే, అదీ మధ్య లెవెల్‌లో. హాల్లో 70 డిగ్రీలు చూపిస్తుంటే కింద స్వెటర్ వేసుకుని కూర్చుంటారు, పైన దుప్పటి తన్నేస్తారు. దీనికి తోడు గ్యారేజీ పైన ఉన్న బెడ్‌రూమ్ నేల చలికాలంలో మంచులా ఉంటుంది.

మాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఖరీదైన పని కాదు. గ్యారేజీ సీలింగ్‌లో ఇన్సులేషన్ నింపించి, హాలు కింద ఉన్న క్రాల్ స్పేస్‌లో (పాకి వెళ్లేంత ఎత్తున్న ఖాళీలో) నేల మీద ప్లాస్టిక్ షీటు పరిపించి, అటకలో ఇన్సులేషన్ పెంచాం. తర్వాతి చలికాలమే తేడా తెలిసింది. అప్పటికీ కింద చల్లగా ఉంటే అక్కడికి మాత్రమే ఒక మినీ స్ప్లిట్ (గోడకు బిగించే, వేడి కూడా ఇచ్చే ఏసీ) పెట్టించుకోవచ్చు. హీటింగ్‌ని జోన్లుగా విడదీయడం అన్నిటికంటే మంచి పద్ధతి, కాకపోతే పాత డక్టుల మీద అది ఎంతవరకు కుదురుతుందో హీటింగ్ మనిషి వచ్చి చూసి చెప్పాలి. జులైలో మాత్రం ఇంట్లో అందరం కింది గదికే చేరతాం. ఏసీ అంతగా వేయకుండానే చల్లగా ఉంటుంది.

పోపు వాసన బెడ్‌రూమ్‌లోకి వస్తుందా?

వస్తుంది. ఇంగువ పోపు వేసిన రెండు నిమిషాల్లో ఏడు మెట్ల పైనున్న పిల్లల గదిలో తెలుస్తుంది. కొలొనియల్‌లో వంటిల్లు వెనక ఉంటుంది, పై అంతస్తు దూరం. ఇక్కడ వంటింటి గాలికి బెడ్‌రూమ్‌ల కారిడార్ ఒక గెంతు దూరమే.

చాలా పాత వంటిళ్లలో స్టవ్ పైన ఉన్న ఫ్యాన్ పొగను పీల్చి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. అది మన వంటకు పనికిరాదు. బయటికి గొట్టం ఉన్న హుడ్ పెట్టించండి. ఈ ఇళ్లలో వంటిల్లు ఎక్కువగా బయటి గోడకు ఆనుకునే ఉంటుంది కాబట్టి గొట్టం పొట్టిగా, తిన్నగా వేయించొచ్చు. నిమిషానికి 400 క్యూబిక్ అడుగులకు మించి గాలి లాగే హుడ్ పెడితే, బయటికి పోయే గాలికి బదులు గాలి లోపలికి రావడానికి ఏర్పాటు కావాలని కోడ్ అడుగుతుంది. టౌన్‌షిప్ పర్మిట్ తీసేటప్పుడే ఇది మాట్లాడుకోండి. కోట్లు, పట్టుచీరలు ఉన్న క్లోజెట్ తలుపులు వంట పూర్తయ్యేదాకా మూసి ఉంచండి.

వాసన తప్పించుకోవడానికి గ్యారేజీలో గ్యాస్ స్టవ్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ గ్యారేజీ పైనే పిల్లలు పడుకుంటారు. మంట ఒక ప్రమాదమైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంకోటి. కారు ఇంజిన్ కూడా తలుపు తీసి ఉన్నా లోపల నిలిపి ఉంచొద్దు. ప్రతి లెవెల్‌లోనూ పొగకూ కార్బన్ మోనాక్సైడ్‌కూ అలారం పెట్టండి.

అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తారు. మోకాళ్ల నొప్పులు. ఈ ఇల్లు వాళ్లకు సరిపోతుందా?

ఇది అడిగేవాళ్ల గొంతులోనే ఆందోళన వినిపిస్తుంది. నేను పడ్డ బాధ కూడా ఇదే.

ఏడు మెట్లు తక్కువే అనిపిస్తాయి. పదిహేను మెట్లు ఒకేసారి ఎక్కడం కంటే ఏడెక్కి ఆగడం వాళ్లకు తేలికే. చిక్కు ఎక్కడంటే ఏ పనికైనా మెట్లే. పడకగది పైన, వంటిల్లు మధ్యలో, టీవీ కింద. కొలొనియల్‌లో అయితే పొద్దున ఒకసారి దిగితే రాత్రిదాకా కిందే ఉండొచ్చు. ఇక్కడ మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతోందో ఒకరోజు లెక్కపెట్టాను. పద్దెనిమిది సార్లు. సాయంత్రానికి కాళ్లు వాచేవి. "ఏం లేదురా, అలవాటు లేక" అనేది.

రెండోసారి వచ్చేలోపు ఏర్పాటు మార్చాం. కింది లెవెల్‌లో ఉన్న అర బాత్రూమ్‌ని షవర్‌తో పూర్తి బాత్రూమ్ చేయించి, పక్క గదిని పడకగది చేశాం. గ్యారేజీ నుంచి ఆ గదికి మెట్లే లేవు, కారు దిగి నేరుగా వెళ్లొచ్చు. కెటిల్, చిన్న ఫ్రిజ్, టీవీ అక్కడే. వంటింటికి ఏడు మెట్లు, రోజుకు మూడు నాలుగుసార్లు. దేవుడి అలమారు కూడా కిందే ఒకటి పెట్టాం, ఎందుకంటే అమ్మ పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ తాగదు.

పడకగదిగా మార్చేటప్పుడు కిటికీ చూడడం మరిచిపోవద్దు. నిప్పంటుకుంటే మనిషి బయటపడగల కిటికీ ఉండాలి. తెరిచినప్పుడు ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు, నేల మట్టంలో ఉంటే 5 చదరపు అడుగులు. కిటికీ అడుగు అంచు గది నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. పాత ఇళ్లలో కింది కిటికీలు చిన్నగా, ఎత్తులో ఉంటాయి. అలాంటి గదిలో పెద్దవాళ్లను పడుకోబెట్టడం తప్పు.

మెట్లకు రెండువైపులా పట్టుకునే కమ్మీ వేయించండి. ఒకవైపే ఉంటే దిగేటప్పుడు బలం లేని చేయి పడుతుంది. చైర్ లిఫ్ట్ గురించి అడుగుతారు, పెట్టొచ్చు. కానీ ఒక్కో మెట్ల వరసకు ఒక్కో లిఫ్ట్ కావాలి, మధ్యలో లేచి ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి మారాలి. వీల్‌చైర్ వాడే మనిషి ఇంట్లో ఉంటే స్ప్లిట్ లెవెల్ వద్దనే చెబుతాను.

పాకే పిల్లలుంటే?

గేట్లు రెండు మూడు కావాలి. మెట్ల పైభాగంలో స్క్రూలతో బిగించే గేటే పెట్టాలి, ఒత్తిడితో నిలబడే రకం కాదు. పాత కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలు దాటితే తల పడుతుంది, మార్పించేయండి. మూడేళ్లు దాటాక ఆ మెట్లే పిల్లలకు ఆటస్థలం.

రోజువారీ ఇంకేం ఇబ్బందులు?

లాండ్రీ కింద, బట్టలు పైన. బుట్ట పట్టుకుని రెండు వరసలు ఎక్కాలి. రోబో వాక్యూమ్ ఒక లెవెల్ దాటి వెళ్లలేదు. సోఫా కొనేముందు మలుపుల కొలతలు తీసుకోవాలి. వైఫై సరిపోక మెష్ (రెండు మూడు చోట్ల పెట్టే రౌటర్లు) పెట్టుకోవాల్సి వస్తుంది. ఇవన్నీ చిరాకులే తప్ప ఇల్లు వద్దనుకునేంత కారణాలు కావు.

మరి మంచి ఏముంది?

దూరం, దగ్గరతనం రెండూ ఒకేచోట దొరుకుతాయి. నేను కింద కూర్చుని రాత్రి పది గంటలకు ఇండియా టీమ్‌తో కాల్ మాట్లాడుతుంటే పైన పిల్లలు నిద్రపోతారు. వాళ్లు చదువుకుంటుంటే కింద నాన్న క్రికెట్ చూసుకుంటారు. మధ్యలో అర అంతస్తు తేడా, ఒక మలుపు ఉండడం వల్ల శబ్దం బాగా తగ్గుతుంది. అదే సమయంలో వంటింట్లో నిలబడి "అన్నం పెట్టేశాను, రండి" అంటే అన్ని లెవెల్స్‌లోనూ వినిపిస్తుంది. పెద్ద కొలొనియల్స్‌లో ఉన్న స్నేహితులు భోజనానికి పిలవడానికి పిల్లలకు ఫోన్ చేస్తారు.

చాలా స్ప్లిట్ లెవెల్స్‌లో వంటింట్లోంచి కింది ఫ్యామిలీ రూమ్ కనిపిస్తుంది. దోసెలు పోస్తూ పిల్లల మీద ఓ కన్నేసి ఉంచొచ్చు. మంచు కురిసే రోజు గ్యారేజీలోంచి నేరుగా ఇంట్లోకి రావడం, కింది లెవెల్ నుంచి పెరట్లోకి తలుపు, పండక్కి ఇరవైమంది వచ్చినా మగవాళ్లు ఒకచోట, ఆడవాళ్లు ఒకచోట, పిల్లలు ఒకచోట సర్దుకోవడం, ఇవన్నీ ఈ ఇల్లు ఇచ్చినవే. మా అమ్మాయి సంగీతం సాధన చేసే చోటు కిందే. తలుపేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

వాస్తు ప్రకారం సరేనా?

నమ్మేవాళ్లు కొనేముందే చూసుకోవాలి, కొన్నాక బాధపడి లాభం లేదు. మనవాళ్లు మామూలుగా చెప్పేది నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని. స్ప్లిట్ లెవెల్‌లో ఎత్తైన ముక్క ఏ దిక్కున పడిందో దిక్సూచి పెట్టి చూడండి. బెడ్‌రూమ్‌ల వైపు దక్షిణమో పడమరో అయితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అది ఉత్తరంలోనో తూర్పులోనో పడితే వెనకాడతారు. ఇంటి నడిమధ్య మెట్లు ఉండడం, బై-లెవెల్‌లో తలుపు తీయగానే మెట్లు ఎదురవడం కూడా అభ్యంతరాలే. ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపు ఉంటే వాళ్లను ముందే వీడియో కాల్‌లో చూపించండి. మీకు నమ్మకం లేకపోయినా ఒక మాట గుర్తుంచుకోండి: మీ ఊళ్లో కొనేవాళ్లలో మనవాళ్లు ఎక్కువైతే రేపు మీ ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లూ దిక్సూచితోనే వస్తారు.

మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయించొచ్చా?

హాలుకీ వంటింటికీ మధ్య గోడ అయితే చాలా ఇళ్లలో కుదురుతుంది. రెండు ముక్కలూ కలిసే చోట ఉన్న గోడ మాత్రం వేరు. రెండు వేర్వేరు ఎత్తుల్లో ఉన్న నేలల బరువు దాని మీదే ఆనుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా, పర్మిట్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. కాంట్రాక్టర్ "ఏం కాదు" అన్నా సరే. మెట్ల దగ్గర అడ్డు గోడ తీసి కమ్మీలు పెట్టించుకుంటే ఇల్లు చాలా విశాలంగా కనిపిస్తుంది. ఎత్తు 36 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి.

పాత ఇల్లు కదా, ఇన్‌స్పెక్షన్‌లో ఏం అడగాలి?

మొదట ఆయిల్ ట్యాంక్. ఆ కాలపు ఇళ్లు చాలావాటిని హీటింగ్ ఆయిల్‌తో వెచ్చబెట్టేవారు, ట్యాంకు పెరట్లో భూమిలో పాతేవారు. తర్వాత గ్యాస్‌కి మారినా ట్యాంకు అక్కడే వదిలేసిన ఇళ్లున్నాయి. అది కారి మట్టి పాడైతే శుభ్రం చేయించే ఖర్చు మామూలుగా ఉండదు, కొన్నాక బయటపడితే అది మీ తలకే చుట్టుకుంటుంది. ట్యాంక్ స్వీప్ (భూమిలో ట్యాంకు ఉందేమో పరికరంతో వెతకడం) చేయించకుండా ముందుకు వెళ్లొద్దు.

కింది లెవెల్‌లో తొమ్మిదంగుళాల చదరపు పాత టైల్స్ కనిపిస్తే వాటిలో ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉండే అవకాశం ఎక్కువ. పగలగొట్టకండి, పరీక్ష చేయించండి. 1978కి ముందు ఇళ్లలో సీసం ఉన్న పెయింట్ ఉండొచ్చు, దాని గురించి తెలిసింది అమ్మేవాళ్లు రాసివ్వాలి. 1965 నుంచి 1973 మధ్య కట్టిన ఇల్లయితే అల్యూమినియం వైరింగ్ ఉందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. న్యూజెర్సీలో రియల్టర్ రాసిన కాంట్రాక్టు మీద లాయర్ పరిశీలనకు మూడు పనిదినాల గడువు ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ షరతులన్నీ ఆ లోపే రాయించుకోండి.

కింది భాగం అద్దెకు ఇవ్వొచ్చా?

ఒకే కుటుంబానికి కేటాయించిన జోన్‌లో రెండో వంటిల్లు పెట్టి అద్దెకివ్వడం చాలా టౌన్‌షిప్‌లు ఒప్పుకోవు. జోనింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాకే ఆలోచించండి. ఆ అద్దె వస్తుందన్న లెక్కతో లోన్ తీసుకోవద్దు.

ఇండియాలో ఇలా కట్టించుకోవచ్చా?

స్థలం వాలుగా ఉంటే చక్కగా కుదురుతుంది. హైదరాబాద్ జూబ్లీహిల్స్ రాతి గుట్టల మీద, విశాఖ కొండ వాలుల్లో రాయి పగలగొట్టే ఖర్చు తప్పించడానికి ఇల్లే మెట్లు మెట్లుగా దిగడం సహజం. చదునైన స్థలంలో మాత్రం నాకు ఇష్టం లేదు. మన ఊళ్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. ఈరోజు రోడ్డుకి సమంగా ఉన్న గది పదేళ్లకు పల్లమైపోతుంది, వానాకాలం నీళ్లన్నీ అందులోకే. మన మండువా ఇళ్లలోనూ నడిమి భాగం పల్లంగానే ఉండేది గానీ, అందులో పడ్డ నీళ్లు బయటికి పోవడానికి తూము ముందే కట్టేవాళ్లు.

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఏం చేయాలి?

ఒకసారి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. నేరుగా కిందికి దిగి, పెట్టెలు పేర్చిన గోడ ఉంటే వాటి వెనక చూడండి. పది నిమిషాలు అక్కడే కూర్చోండి. చలికాలమైతే కోటు విప్పి కూర్చోండి. తర్వాత లాండ్రీ నుంచి చేతిలో బరువుతో పై బెడ్‌రూమ్ దాకా నడవండి. కారు దగ్గర నుంచి ఇరవై పౌండ్ల బియ్యం బస్తా వంటింట్లోకి ఎలా చేరుతుందో ఆ దారినే నడిచి చూడండి. పెద్దవాళ్లు ఇక్కడే ఉంటే వెంట తీసుకెళ్లి, వాళ్లు మెట్లు దిగేటప్పుడు వాళ్ల ముఖం చూడండి. "బాగానే ఉందిలే" అంటారు, ఆ మాట నమ్మకండి. గత ఏడాది గ్యాస్, కరెంటు బిల్లులు అడగండి. ఇవన్నీ అయ్యాక కింది గది మీకు రోజూ కూర్చోవాలనిపించేలా ఉంటే ఆఫర్ రాయండి. అలా అనిపించకపోతే దాన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో కాంట్రాక్టర్‌ని పిలిచి రాతపూర్వకంగా తీసుకుని, అంత తగ్గించి రాయండి.